ప్రాజెక్టు వల్ల ప్రాంతం ఎంత బాగుపడింది? ఒకే పట్టిక నుంచి నాలుగు జవాబులు ఎలా వస్తాయి

ఒకే ప్రాజెక్టు మీద రెండు నివేదికలు వస్తాయి. జిల్లా ఆదాయం బాగా పెరిగిందని ఒకటి అంటుంది, ప్రాజెక్టు వల్ల ఒరిగింది దాదాపు సున్నా అని రెండోది తేలుస్తుంది. చదివినవాళ్లకు ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నారనిపిస్తుంది. చాలాసార్లు ఇద్దరి కూడికలూ తీసివేతలూ సరిగ్గానే ఉంటాయి. దేనితో పోల్చారు, లెక్కకు హద్దు ఎక్కడ గీశారు, ఏ ఏడాదితో లెక్క ఆపారు అన్న మూడు చోట్లే వాళ్లు విడిపోతారు. రోడ్డయినా, కాలువైనా, పారిశ్రామిక వాడైనా, వెనకబడిన జిల్లాలకు ఇచ్చే ప్రత్యేక నిధి అయినా ఈ మూడు ప్రశ్నలు తప్పవు. వర్ధమాన దేశాల్లో వీటికి తోడు నాలుగో చిక్కు ఉంది: కొలవడానికి కావలసిన అంకెలే సరిగ్గా ఉండవు.

కట్టింది వేరు, ఒరిగింది వేరు

ముందు నాలుగు మాటలను విడదీసుకోవాలి. పెట్టిన డబ్బు ఖర్చు. ఆ డబ్బుతో తవ్విన కాలువ, వేసిన రోడ్డు పని. కాలువ కింద నీరందిన ఎకరాలు, రోడ్డు మీద తిరిగిన లారీలు ఫలితం. ప్రభావం మాత్రం ఒక తేడా. ప్రాజెక్టు వచ్చాక ఉన్న స్థితికీ, అది రాకపోయి ఉంటే అదే కాలంలో అదే చోట ఉండే స్థితికీ మధ్య దూరం అది. ఆ రెండో స్థితిని ఎవరూ చూడలేరు, అంచనా కట్టుకోవలసిందే. ఈ రంగంలోని పద్ధతులన్నీ, పేర్లు ఏవైనా, ఆ కనిపించని స్థితిని ఊహించడానికి పుట్టినవే.

ఒక కాలువ 20 వేల ఎకరాలకు నీరిచ్చిందనుకుందాం. ప్రగతి నివేదికలో ఆ అంకె ఘనంగా ఉంటుంది. కానీ అందులో 8 వేల ఎకరాలు అంతకుముందే బోర్ల కింద సాగవుతున్నాయి. అప్పుడు కాలువ ఖాతాలో వేయదగ్గ అదనపు పంట 12 వేల ఎకరాలదే. మిగతా 8 వేల ఎకరాల్లో కాలువ ఇచ్చింది పంట కాదు, బోరు ఖర్చూ కరెంటూ ఆదా. దానికీ విలువ ఉంది గానీ మొత్తం పంట విలువతో పోలిస్తే అది చిన్నది.

కట్టకముందు వేసే లెక్క

మంజూరు కావాలంటే ప్రాజెక్టుకు ముందే లాభవ్యయ నిష్పత్తి చూపాలి. ప్రయోజనాల నేటి విలువను ఖర్చుల నేటి విలువతో భాగిస్తే వచ్చేది అదే. 1 దాటితే పెట్టినదానికంటే వచ్చేది ఎక్కువని అర్థం. నేటి విలువ అనడం ఎందుకంటే, ఇరవయ్యో ఏట చేతికొచ్చే డబ్బు ఈరోజు చేతిలో ఉన్న డబ్బుతో సమానం కాదు. ఏడాదికి ఎంత శాతం చొప్పున దాని విలువ తగ్గించాలో చెప్పేదే డిస్కౌంట్ రేటు.

కరెన్సీ ఏదైనా సరే, మొదట్లోనే 100 కోట్లు పెట్టి, ఆ తర్వాత 20 ఏళ్లు ఏటా 12 కోట్ల నికర ప్రయోజనం పొందే ప్రాజెక్టును తీసుకుందాం. 6 శాతం రేటుతో ఆ ప్రయోజనాల నేటి విలువ సుమారు 138 కోట్లు. 9 శాతమైతే 110 కోట్లు. 12 శాతమైతే 90 కోట్లు. అంటే నిష్పత్తి 1.38, 1.10, 0.90. ఒక్క రాయి కూడా కదలకుండా ప్రాజెక్టు లాభం నుంచి నష్టానికి జారింది. ఇది పుస్తకాల్లోని చర్చ మాత్రమే కాదు. ఆసియా అభివృద్ధి బ్యాంకు చాలాకాలం 12 శాతం వాడి, 2017 మార్గదర్శకాల్లో దాన్ని 9కి దించింది. ప్రపంచ బ్యాంకు 2016లో 6 శాతాన్ని సూచించింది. రేటు తక్కువ ఉండాలనేవారు రాబోయే తరాలకు అందే మేలును చిన్నబుచ్చకూడదంటారు. ఎక్కువ ఉండాలనేవారు, పేద దేశంలో పెట్టుబడి కొరత తీవ్రం కాబట్టి ఇదే డబ్బు మరోచోట పెడితే వచ్చే రాబడిని మరచిపోకూడదంటారు. రెండు వాదాల్లోనూ పస ఉంది. అందుకే ఒకే రేటుతో ఒకే నిష్పత్తి ఇచ్చి ఊరుకున్న నివేదిక కంటే రెండు మూడు రేట్లతో చూపినది నమ్మదగినది.

రేటు మీద ఇంత గొడవ జరుగుతుంది గానీ, లెక్కను నిజంగా ముంచేవి ఆలస్యమూ అదనపు ఖర్చూ. 9 శాతం రేటుతోనే ప్రయోజనాలు రెండేళ్లు ఆలస్యంగా మొదలైతే 110 కోట్లు 92 కోట్లవుతాయి, ప్రాజెక్టు నష్టంలో పడుతుంది. ఆలస్యం లేకుండా ఖర్చు మాత్రం 100 నుంచి 120కి పెరిగితే నిష్పత్తి 0.91. రెండూ కలిసి వస్తే, సాధారణంగా కలిసే వస్తాయి, 0.77. బెంట్ ఫ్లూబియ బృందం 20 దేశాల్లోని 258 రవాణా ప్రాజెక్టులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో సగటు అదనపు ఖర్చు రైలు మార్గాలకు 45 శాతం, వంతెనలు, సొరంగాలకు 34 శాతం, రోడ్లకు 20 శాతం అని తేలింది.

ప్రయోజనాల వైపు జరిగే అతిశయోక్తి ఇంకా మెత్తగా సాగుతుంది. భారతదేశంలో భారీ సాగునీటి ప్రాజెక్టుకు లాభవ్యయ నిష్పత్తి 1.5 ఉండాలి, కరవు ప్రాంతాలకు 1 చాలు అన్నది చిరకాల నిబంధన. ఆ గీత దాటడానికి ఆయకట్టు మొత్తానికీ మొదటి ఏడాది నుంచే నీరందుతుందనీ, రైతులంతా విలువైన పంటలకు మారతారనీ డీపీఆర్‌లో, అంటే సవివర ప్రాజెక్టు నివేదికలో, రాసుకోవడం ఈ రంగంలో పాత జబ్బు. ఆచరణలో ఎగువ రైతులు వరికి మళ్లుతారు, పిల్లకాలువలు పూర్తికావు, చివరి ఆయకట్టు ఎండుతుంది. అంకెల్లో మాత్రం అక్కడ పంట పండుతూనే ఉంటుంది.

ఒకే పంటను మూడుసార్లు కోయడం

రోడ్డు ఉదాహరణ చూద్దాం. పాత దారిలో రోజుకు 1,000 వాహనాలు తిరిగేవి, ఒక్కో ప్రయాణానికి ఖర్చు 300. కొత్త రోడ్డుతో అది 200కు తగ్గింది, వాహనాలు 1,600 అయ్యాయి. పాత 1,000 వాహనాలకు ఒక్కోదానికి 100 ఆదా కాబట్టి లక్ష. కొత్తగా వచ్చిన 600 వాహనాలకు పూర్తి 100 వేయకూడదు. 300 ఖర్చున్నప్పుడు వాళ్లు బయల్దేరనే లేదు, అంటే ఆ ప్రయాణం వాళ్లకు అంత విలువైనది కాదు. కొందరికి 295 అయినా చాలేది, కొందరికి 205కు దిగితేగానీ గిట్టదు. సగటున సగం వేస్తారు: 600 గుణించి 50, అంటే 30 వేలు. మొత్తం లక్షా 30 వేలు. 1,600 వాహనాలనూ 100తో గుణించి లక్షా 60 వేలు చూపడం మామూలుగా కనిపించే తప్పు.

అసలు పెద్ద తప్పు ఆ తర్వాత జరుగుతుంది. రవాణా ఆదా లెక్కేసి, దాని పక్కన రోడ్డు వెంట భూముల ధర పెరుగుదలను కలుపుతారు. దాని కింద రైతుకు దక్కిన అదనపు ధరను కలుపుతారు. కానీ రవాణా ఖర్చు తగ్గినందుకే రైతుకు మంచి ధర వచ్చింది, ఆ మంచి ధర ఏటా వస్తుందన్న నమ్మకంతోనే భూమి విలువ పెరిగింది. మూడు అంకెలూ ఒకే మేలుకు మూడు నీడలు. ఏదో ఒకటి తీసుకోవాలి.

ఉద్యోగాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. నిర్మాణంలో కూలీలకు చెల్లించినది లెక్క ప్రకారం ఖర్చు, ప్రయోజనం కాదు. అయితే రోజుకు 500 తీసుకుంటున్న కూలీ ఈ పని లేకపోతే 350 సంపాదించేవాడైతే, సమాజం నిజంగా వదులుకున్నది 350 విలువైన శ్రమే. ఆ 350ని నీడధర అంటారు, మిగతా 150 అతనికి దక్కిన అసలు మేలు. పనే దొరకని చోట నీడధర బాగా తక్కువగా ఉంటుంది. అందరికీ పని ఉన్న చోట అది కూలీ రేటుకు దగ్గరవుతుంది, అప్పుడు ‘ఇన్ని వేల ఉద్యోగాలు’ అన్న ప్రకటనకు ఆర్థికంగా పెద్ద బరువుండదు.

గుణకం: ఒక రూపాయి ఎన్ని చేతులు మారుతుంది

ప్రాజెక్టు నుంచి వచ్చిన ఆదాయాన్ని జనం ఖర్చు చేస్తారు, అది ఇంకొకరి ఆదాయమవుతుంది. ఈ గొలుసును పట్టుకోవడానికి ఏ రంగం ఏ రంగం నుంచి ఎంత కొంటుందో, ఏ వర్గం కుటుంబాలకు ఎంత చేరుతుందో చూపే పెద్ద పట్టిక తయారుచేస్తారు. సోషల్ అకౌంటింగ్ మాట్రిక్స్ అంటారు. భాక్రా ఆనకట్ట మీద ఈ పద్ధతిలో చేసిన అధ్యయనంలో గుణకం సుమారు 1.9 వచ్చింది. నేరుగా వచ్చిన ప్రతి రూపాయికీ మరో 90 పైసలు పరోక్షంగా పుట్టాయని అర్థం.

పద్ధతి మంచిదే గానీ, పనిలేని చేతులూ, ఖాళీ లారీలూ, వాడని మిల్లులూ చుట్టుపక్కల సిద్ధంగా ఉన్నాయని అది ముందే అనుకుంటుంది. అవి లేకపోతే గిరాకీ పెరిగినప్పుడు సరుకు పెరగదు, ధరలు పెరుగుతాయి. పైగా అదే డబ్బును బడుల మీద పెట్టినా దానికీ ఒక గుణకం ఉండేది. అందుకే గుణకం ప్రాజెక్టును మిగతా వాటితో పోల్చడానికి పనికొస్తుంది. ఒంటరిగా చూపితే గోరంతను కొండంత చేస్తుంది.

కట్టిన తర్వాత: ఒక పట్టిక, నాలుగు జవాబులు

2015లో ప్రాజెక్టు వచ్చిన ఊహాజిల్లా ఒకటి, రాని ఊహాజిల్లా ఒకటి. ధరల పెరుగుదల తీసేశాక తలసరి ఆదాయం వేలల్లో ఇలా ఉంది.

ప్రాజెక్టు జిల్లా: 2010లో 50, 2015లో 60, 2020లో 78.
పోలిక జిల్లా: 2010లో 50, 2015లో 55, 2020లో 68.

ముందు, తర్వాత మాత్రమే చూస్తే 60 నుంచి 78కి, పెరుగుదల 18. ఆ కాలంలో దేశమంతా ఎదిగిన సంగతి ఇందులో కలిసిపోయింది. చివరి ఏడాది రెండు జిల్లాలనూ పక్కపక్కన పెడితే 78, 68, తేడా 10. ఇందులో 2015 నాటికే ఉన్న తేడా కలిసింది. మూడో దారిలో ప్రాజెక్టు జిల్లా పెరుగుదల 18 నుంచి పోలిక జిల్లా పెరుగుదల 13 తీసేస్తారు, 5 మిగులుతుంది. డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ అని పెద్ద పేరున్న పద్ధతి ఇదే. తేడాల మధ్య తేడా అన్నమాట.

ఇప్పుడు 2010 అంకెలు చూడండి. అప్పుడు ఇద్దరూ సమానం. ప్రాజెక్టు రాకముందే అయిదేళ్లలో 5 తేడా వచ్చింది, వచ్చాక మరో అయిదేళ్లలో ఇంకో 5. ఆ జిల్లా ముందునుంచే అదే వేగంతో దూసుకుపోతోంది. ఆ వేగం ఎలాగూ కొనసాగేదనుకుంటే ప్రాజెక్టు ప్రభావం సున్నా. 18, 10, 5, 0 అన్నీ సరైన కూడికలే. పాత అంకె ఒక్కటి లేకపోతే మూడో జవాబు దగ్గర ఆగిపోయేవాళ్లం. ప్రాజెక్టుకు ముందు కనీసం రెండు కాలాల సమాచారం అడిగేది అందుకే. ఎదుగుతున్న చోటికే రోడ్లూ, పరపతి ఉన్న నియోజకవర్గానికే నిధులూ వెళ్లే దేశాల్లో ఈ పరీక్ష తప్పించుకోకూడనిది.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. కొన్ని పథకాలు బాగా వెనకబడిన చోట్లనే ఎంచుకుంటాయి. 2018 జనవరిలో భారత ప్రభుత్వం మొదలుపెట్టిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమం అలాంటిదే. అందులో 112 జిల్లాలు, 49 సూచికలు. అట్టడుగున ఉన్నవాటిని ఎంచుకున్నప్పుడు, వాటిలో కొన్ని ఆ ఏడు వానలు పడకో, సర్వేలో పొరపాటు వల్లో మామూలుకన్నా కింద కనిపించి ఉంటాయి. మరుసటి ఏడు ఏమీ చేయకపోయినా అవి తమ మామూలు స్థాయికి లేస్తాయి. ఆ లేవడాన్ని పథకం గొప్పగా చూపకుండా ఉండాలంటే, ఎంపిక గీతకు కొంచెం పైన ఉండి జాబితాలోకి రాని జిల్లాలతో పోల్చాలి.

నిబంధనలూ జాప్యాలూ ఇచ్చిన పోలికలు

మంచి పోలిక చాలాసార్లు ప్రభుత్వ నిబంధనలోనే దొరుకుతుంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మొదట 1,000 జనాభా దాటిన ఊళ్లకు, తర్వాత 500 దాటిన ఊళ్లకు రోడ్డు వేయాలన్నారు. 490 మంది ఉన్న ఊరికీ 510 మంది ఉన్న ఊరికీ మిగతా విషయాల్లో పెద్ద తేడా ఉండదు, రోడ్డు వచ్చే అవకాశంలో తప్ప. సామ్ ఆషర్, పాల్ నోవోసాద్ ఈ గీతకు అటూ ఇటూ ఉన్న ఊళ్లను పోల్చి 2020లో ప్రచురించారు. రోడ్డు వచ్చిన నాలుగేళ్లకు వ్యవసాయంలో పనిచేసేవారి వాటా సుమారు 9 శాతం పాయింట్లు తగ్గింది, జనం బయటి కూలికి వెళ్లారు. పంటల తీరులో, ఆదాయంలో, ఆస్తుల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. రోడ్డు పడితే ఊరు దానంతటదే బాగుపడుతుందన్న నమ్మకానికి ఇది గట్టి ప్రశ్న. అయితే ఇది గీత దగ్గరున్న చిన్న ఊళ్ల సంగతి, 5,000 జనాభా ఊరి గురించి ఇది మాట్లాడదు. జనాభాను గీత పైకి నెట్టి రాసుకున్న చోట్ల ఈ పద్ధతి చెల్లదు కూడా. కాబట్టి నిబంధన నిజంగా పాటించిన రాష్ట్రాల ఊళ్లనే తీసుకోవలసి వచ్చింది.

జాప్యం కూడా పరిశోధకుడికి వరమే. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజి హైవే ముందు పూర్తయింది. దానితోపాటే ప్రకటించిన ఉత్తర–దక్షిణ, తూర్పు–పడమర హైవే నడవాలు (కారిడార్లు) వెనకబడ్డాయి. చతుర్భుజికి 10 కిలోమీటర్లలోపు ఉన్న జిల్లాల్లో తయారీ రంగం జోరందుకుందని ఘని, గోస్వామి, కెర్ చూపారు. నడవాల వెంట ఉన్న జిల్లాల్లో ఆ జోరు లేదు. హైవే పక్కన ఉండే జిల్లాలు ఎలాగూ ఎదిగేవే అన్న అనుమానానికి ఆ రెండో సగమే జవాబు.

హద్దు ఎక్కడ గీస్తే జవాబు అక్కడ

ఇక్కడే అసలు తగాదా. భారతదేశంలోని పెద్ద ఆనకట్టల మీద ఎస్తేర్ డ్యుఫ్లో, రోహిణీ పాండే 2007లో ప్రచురించిన అధ్యయనం దీన్ని బాగా పట్టుకుంది. ఆనకట్ట ఎక్కడ కడతారన్నది నదీ వాలు మీద కొంత ఆధారపడుతుంది కాబట్టి, ఆ వాలును ఆసరా చేసుకుని ప్రభావాన్ని వేరుచేశారు. దిగువ జిల్లాల్లో సాగూ దిగుబడీ పెరిగాయి, పేదరికం తగ్గింది. ఆనకట్ట కట్టిన జిల్లాలో దిగుబడి చెప్పుకోదగ్గంత పెరగలేదు, పేదరికం పెరిగింది. హద్దును ఆనకట్ట జిల్లా చుట్టూ గీస్తే ప్రాజెక్టు విఫలం, దిగువ జిల్లా చుట్టూ గీస్తే ఘన విజయం. రెండూ కలిపి కూడితే ఒక సగటు వస్తుంది గానీ, ముంపు గ్రామం వదిలిపోయిన కుటుంబానికి ఆ సగటు చేరదు. లాభపడినవారి నుంచి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వగలిగినంత మిగులు ఉందా అని చూసేదే లాభవ్యయ లెక్క. ఇచ్చారా లేదా అన్నది దాని పరిధిలోకి రాదు.

చైనాలో 1992 నుంచి 2007 దాకా వేసిన జాతీయ ట్రంక్ హైవేల వ్యవస్థ లక్ష్యం పెద్ద నగరాలను కలపడం. దారిలో ఉన్నందువల్ల ఎన్నో చిన్న కౌంటీలకూ (అక్కడి స్థానిక పాలనా విభాగాలు) హైవే దక్కింది. బెంజమిన్ ఫేబర్ లెక్క ప్రకారం, దక్కని చిన్న కౌంటీలతో పోలిస్తే వాటి పారిశ్రామిక ఎదుగుదల మందగించింది. రోడ్డు రెండు వైపులా నడుస్తుంది. స్థానిక సరుకు నగరానికి వెళ్లినట్టే నగరపు చవక సరుకు ఇక్కడికీ వస్తుంది, ఫ్యాక్టరీ కూడా నగరం దగ్గరికే పోవచ్చు.

పన్ను రాయితీల్లో హద్దు తగాదా రాజకీయ తగాదా అవుతుంది. 2003లో ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్‌లలోని కొత్త పరిశ్రమలకు పదేళ్లు ఎక్సైజ్ సుంకం మినహాయింపు, మొదటి అయిదేళ్లు ఆదాయపన్ను పూర్తి మినహాయింపు ఇచ్చారు. అక్కడ ఫ్యాక్టరీలు పెరిగాయి. తమ దగ్గరికి రావలసిన పెట్టుబడి అటు మళ్లుతోందని పంజాబ్ వంటి పొరుగు రాష్ట్రాలు అభ్యంతరపెట్టాయి. ఇలాంటి చోట లెక్క ఎంత తారుమారవుతుందో చూడండి: రాయితీ జిల్లాలో 10 వేల ఉద్యోగాలు వచ్చి, అందులో 6 వేలు పక్క జిల్లా నుంచి మారినవైతే దేశానికి కొత్తవి 4 వేలే. పైగా ఆ పక్క జిల్లానే పోలిక జిల్లాగా పెట్టుకుంటే తేడా 16 వేలుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ 10 వేలు పెరిగాయి, అక్కడ 6 వేలు తగ్గాయి. అసలైన 4 వేలకు అది నాలుగింతలు.

మేలు హద్దు దాటి ప్రవహించినప్పుడు దీనికి విరుద్ధం జరుగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలిని స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించే విధానాన్ని 157 మండలాల్లో ఏవి ముందు, ఏవి తర్వాత అని లాటరీతో తేల్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ పరిశీలనలో పేద కుటుంబాల ఆదాయం పెరిగింది. విచిత్రమేమిటంటే ఆ పెరుగుదలలో చాలా పెద్ద భాగం పథకం కూలి నుంచి రాలేదు, బయటి పొలాల్లో, పనుల్లో కూలి రేట్లు పెరగడం వల్ల వచ్చింది. రేట్లు మండలం సరిహద్దు రాయి దగ్గర ఆగవు కాబట్టి, పొరుగు మండలాలకు చేరిన మేలును కూడా వాళ్లు విడిగా లెక్కించవలసి వచ్చింది. లేకపోతే పోలిక మండలాలూ కొంత బాగుపడి, పథకం ప్రభావం తక్కువగా కనిపించేది.

మనుషులు కదలడం ఇంకో హద్దు సమస్య. పారిశ్రామిక వాడ వచ్చాక తలసరి ఆదాయం పెరిగిందంటే, పాతవాళ్లు బాగుపడి ఉండవచ్చు, లేదా అద్దెలు భరించలేక పాతవాళ్లు వెళ్లిపోయి జీతగాళ్లు వచ్చి ఉండవచ్చు. ప్రాంతాన్ని కొలిస్తే ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేల్చాలంటే మొదట సర్వే చేసిన కుటుంబాలనే, అవి ఎక్కడికెళ్లినా వెతికి పట్టుకుని మళ్లీ అడగాలి. ఖరీదైన పని కాబట్టి చాలామంది చేయరు.

అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి

జిల్లా స్థూల ఉత్పత్తి అంకె చూడగానే నమ్మబుద్ధేస్తుంది. చాలా రంగాల్లో రాష్ట్ర మొత్తాన్ని అంచనా వేసి, జిల్లాలో పనిచేసేవారి వాటా వంటి కొలమానంతో పంచి ఆ అంకె తయారుచేస్తారు. ప్రాజెక్టు వల్ల ఒక జిల్లాలో ఉత్పాదకత పెరిగినా ఆ పంపకంలో అది కనపడదు. భారతదేశంలో 2011 తర్వాత జనగణన సకాలంలో జరగలేదు, వినియోగ వ్యయ సర్వే 2011–12 తర్వాత మళ్లీ 2022–23కే బయటికొచ్చింది. మధ్యలో పుట్టిన ప్రాజెక్టుకు ముందు స్థితి చెప్పే అంకె దొరకడం కష్టం.

ఈ ఖాళీని రాత్రి వెలుగుల ఉపగ్రహ చిత్రాలు కొంత నింపాయి. వెలుగు పెరుగుదలకూ దేశాల ఆదాయ పెరుగుదలకూ సంబంధాన్ని హెండర్సన్, స్టోరీగార్డ్, వెయిల్ 2012లో కొలిచారు: వెలుగు 10 శాతం పెరిగితే ఉత్పత్తి సుమారు 3 శాతం. వీటిని వాడేటప్పుడు తగిలే దెబ్బలు కొన్నున్నాయి. 1992–2013 మధ్య పాత ఉపగ్రహాలు వెలుగును 0 నుంచి 63 దాకా మాత్రమే నమోదు చేసేవి, కాబట్టి నగరం నడిబొడ్డు 63 దగ్గర ఆగిపోయి ఇక ఎదగనట్టు కనిపిస్తుంది. 2012 నుంచి వస్తున్న విర్స్ పరికరం చిత్రాలు చాలా మేలైనవి గానీ, పాత వరసను వాటితో నేరుగా అతికించకూడదు. పైగా ఆ పరికరం నీలికాంతిని సరిగ్గా చూడలేదు. పసుపు సోడియం దీపాలు తీసి తెల్ల ఎల్‌ఈడీలు పెట్టిన పట్టణం వీధిలో ప్రకాశవంతంగా, చిత్రంలో మసకగా ఉండవచ్చు. సాగునీటి ప్రాజెక్టుకయితే రాత్రి వెలుగు దాదాపు పనికిరాదు. వరి చేను రాత్రిపూట వెలగదు కదా. అక్కడ పంట పచ్చదనాన్ని కొలిచే చిత్రాలు వాడాలి.

సొంతంగా సర్వే చేసేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది నమూనా (శాంపిల్) దగ్గర. 40 ఊళ్లలో ఊరికి 20 కుటుంబాల చొప్పున 800 మందిని అడిగారు. ఒకే ఊరివాళ్ల ఆదాయాలు ఒకే వానకూ, ఒకే బజారుకూ ముడిపడి ఉంటాయి కాబట్టి 800 నిజంగా 800 కాదు. ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు ఎంత పోలి ఉంటారో చెప్పే అంకె 0.1 అయితే నమూనాను 1 + (20 − 1) × 0.1, అంటే 2.9తో భాగించాలి. మిగిలేది 276. అదే ఊళ్లలో ఇంకో పది కుటుంబాల చొప్పున 400 చేర్చి 1,200 చేస్తే భాజకం 3.9కి పెరిగి 308 వస్తుంది. ఆ 400 కుటుంబాలనే 20 కొత్త ఊళ్లలో అడిగితే 414. నమూనా బలం లేక ‘ప్రభావం కనిపించలేదు’ అని వచ్చిన ఫలితాన్ని ‘ప్రభావం లేదు’ అని చదవడం పత్రికల్లోనూ, శాసనసభల్లోనూ తరచూ జరుగుతుంది.

నిపుణుల మధ్య తేలని వాదం

ఊళ్లనూ మండలాలనూ పోల్చే పద్ధతులే నమ్మదగినవని ఒక వర్గం అంటుంది. ఊహలు తక్కువ, కళ్లెదుట పోలిక ఉంటుంది. రెండో వర్గం అభ్యంతరం ఇది: పోలికలో అందరికీ సమానంగా తగిలింది కొట్టుకుపోతుంది. పెద్ద రైలు మార్గం దేశమంతటా సరుకు ధరలు తగ్గిస్తే, పోలిక జిల్లాలోనూ తగ్గుతాయి, ఆ మేలు లెక్కలోకే రాదు. అందువల్ల వర్తకం, వలస, ధరలు ఒకదాన్నొకటి ఎలా కదిలిస్తాయో చెప్పే గణిత నమూనా (మోడల్) కావాలంటారు. మొదటివారు వెంటనే అడుగుతారు: నమూనాలో మీరు పెట్టిన ఊహలే జవాబై తిరిగొస్తున్నాయి కదా?

రెండు పద్ధతులనూ కలిపిన పనుల్లో డేవ్ డొనాల్డ్‌సన్ బ్రిటిష్ ఇండియా రైళ్ల అధ్యయనం ఒకటి. రైలు చేరిన జిల్లాలో వ్యవసాయ నిజ ఆదాయం ఇంచుమించు ఆరో వంతు పెరిగిందని మొదట పోలికతో చూపారు. సర్వే దాకా వచ్చి చివరికి వేయకుండా వదిలేసిన లైన్ల వెంట అలాంటి పెరుగుదల లేదని సరిచూశారు. ఆ తర్వాత వర్తక నమూనా చెప్పే అంచనాను ఆ పెరుగుదలతో పోల్చారు. అయితే అందుకు దశాబ్దాల ధరల, పంటల రికార్డులు కావలసి వచ్చాయి. నిన్న ప్రారంభించిన నడవా మీద వచ్చే ఎన్నికల్లోపు నివేదిక అడిగేవారికి అంత తీరిక ఉండదు.

ఒకే కరెంటు, మూడు దేశాల్లో మూడు జవాబులు

దక్షిణాఫ్రికాలోని క్వాజులు–నాటల్‌లో గ్రామీణ విద్యుదీకరణ వల్ల మహిళల ఉపాధి సుమారు 9 శాతం పాయింట్లు పెరిగిందని టారిన్ డింకెల్‌మన్ 2011లో చూపారు. కట్టెలు ఏరుకుని వంట చేసే సమయం మిగలడం అందుకు ముఖ్య కారణం. కెన్యాలో 150 గ్రామీణ సముదాయాల్లో కనెక్షన్ రాయితీని లాటరీతో పంచి చూసిన లీ, మిగెల్, వోల్ఫ్రమ్ మాత్రం, కుటుంబాలు కనెక్షన్‌కు ఇచ్చే విలువ దాన్ని వేసే ఖర్చుకంటే తక్కువని, ఆర్థిక మార్పులు కొద్దిగానే ఉన్నాయని తేల్చారు. భారతదేశంలో 2005 నాటి రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజనకు 300 జనాభా గీత ఉండేది. ఆ గీత దగ్గరి చిన్న ఊళ్లలో ప్రభావం అల్పమని ఫియోనా బర్లిగ్, లూయిస్ ప్రియోనాస్ లెక్కించారు. సుమారు 2,000 జనాభా ఉన్న ఊళ్లలో అయితే లాభం గణనీయంగా ఉందని అదే అధ్యయనం చెబుతుంది.

ఈ ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టేయవు. క్వాజులు–నాటల్‌లో వంటపొయ్యి మారింది, పని దొరికే చోట్లు అందుబాటులో ఉన్నాయి. కెన్యా అధ్యయనం కొలిచింది అప్పటికే గ్రిడ్ పక్కన ఉండి కనెక్షన్ తీసుకోలేకపోయిన ఇళ్లను, అదీ మొదటి కొద్ది సంవత్సరాల్లో. కరెంటు వచ్చినా మోటారో, ఫ్రిజ్జో కొనడానికి అప్పు దొరకని ఇంట్లో వెలిగేది బల్బూ, ఫోన్ చార్జరూ మాత్రమే. 300 మంది ఊళ్లో పిండిమర పెడితే దాన్ని నిలబెట్టేంత గిరాకీ ఉండదు, 2,000 మంది ఊళ్లో ఉంటుంది.